పద్నాలుగో ప్రశ్న

డాక్టర్ నారాయణస్వామిగారికి పిల్లలంటే ప్రాణం. కాకపోతే ఒక్కొక్కరుగా ఎదురుపడితే ఆయన కంటికి ఆనేవారు కాదు. కనీసం వందమంది ఉండాలి. "ఒక్క పిల్లవాడి గురించి చెబితే అది కబురు, జయమ్మగారూ. వందమంది గురించి చెబితే పరిశోధన" అని నాతో అనేవారు. కబుర్లకు చెవి ఇవ్వకుండానే ఆయన డాక్టరేటు దాకా వెళ్లారు.

1982లో ఆయన ఒక పథకం పట్టుకుని మా మదనపల్లెకు వచ్చారు. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు ఎలా ఉన్నారు, ఏ దురలవాట్ల వైపు పోతున్నారు, ఎందుకు పోతున్నారు అని ముందు వాళ్లనే అడిగి తెలుసుకోవాలి. దాన్నిబట్టి వాళ్లు చెడిపోకముందే ఏం చేయాలో ప్రణాళిక వేయాలి. ఈ మాట వినగానే నాకు నిజంగా సంతోషమైంది. పిల్లలు చెడిపోయాక తన్నడం తప్ప మన పెద్దలకు వేరే వైద్యం తెలియదు. ముందే ఆలోచించే మనిషి ఒకడైనా దొరికాడనుకున్నాను.

నేనప్పుడు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. కలకడ పక్కన మెట్ట పల్లెలో పుట్టి, కలుపు తీసిన చేతులతోనే లెక్కలు నేర్చుకుని వచ్చాను. నాకు కోపం ఎక్కువని పేరు. అది తప్పని నేనెప్పుడూ వాదించలేదు. సర్వే పనులన్నీ చూసుకోవడానికి ఆయన నన్ను పెట్టుకున్నారు.

ప్రశ్నలు పద్నాలుగు. పిల్లలు పేరు రాయనక్కర్లేదు. వయసెంత, తండ్రి ఏం చేస్తాడు, రోజుకు ఎన్ని బీడీలు తాగుతావు, సారా ఎప్పుడైనా తాగావా, బడి ఎగ్గొట్టి సినిమాకు పోతావా, ఇలా సాగుతాయి. తొమ్మిదో ప్రశ్న, "నీకు తెలిసిన పెద్దవాళ్లలో పొగ తాగేది ఎవరు?" అని. పద్నాలుగోది మాత్రం నేను పోట్లాడి పెట్టించాను. "నీకు కష్టమొస్తే ఎవరితో చెప్పుకుంటావు?"

"ఇది దేనికండీ?" అన్నారు నారాయణస్వామిగారు.

"చెప్పుకునే మనిషి ఉన్న పిల్లవాడు తక్కువ చెడతాడేమో చూద్దాం సార్."

ఆయన కాగితాన్ని దూరంగా పెట్టి చూశారు. "సరే, పేజీ అడుగున ఎలాగూ ఖాళీ ఉంది" అన్నారు.

మొదటి బడి మదనపల్లెలోనే. హెడ్‌మాస్టరు సిద్దప్పగారు క్రమశిక్షణకు పెట్టింది పేరు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు జవాబు తెలిసినవాళ్లు కుడిచెయ్యి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి ఎత్తాలని ఆ బడిలో కట్టడి. అందరూ ఎత్తుతారు, ఆయన కుడిచేతుల్నే లేపి అడుగుతారు. ఇన్‌స్పెక్టర్లు మురిసిపోయి కాఫీ తాగి వెళ్లిపోతారు. సర్వే కూడా ఆయనకు అలాంటి తనిఖీగానే కనిపించింది.

"కాగితాలు పంచి యాల పాడుచేసేదమ్మా? నేనడుగుతా, మీరు రాసుకోండి" అని పిల్లలందర్నీ వరండా ముందు నిలబెట్టారు. బెత్తం అరచేతిలో తట్టుకుంటూ, "బీడీ తాగే వెధవలు ఎవురన్నా ఉంటే చెయ్యెత్తండి!" అన్నారు.

ఏ చెయ్యి ఎత్తాలో చెప్పకపోయినా ఎవరూ తడబడలేదు. ఒక్క చెయ్యీ లేవలేదు. సారా తాగేవాళ్లు? లేరు. సినిమాకు పోయేవాళ్లు? సినిమా అంటే ఏమిటన్నట్టు మొహాలు పెట్టారు.

"కష్టమొస్తే ఎవురికి చెప్తార్రా?"

"మీకే సార్!" అని పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. సిద్దప్పగారికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇది సర్వే కాదు సార్, బెదిరింపు" అన్నాను. ఆయన మేడమ్‌కు ఎండ తగిలినట్టుందని నా కోసం మజ్జిగ తెప్పించారు. బడి గోడ వెనక నా కంటపడిన బీడీ పీకలు గాలికి కొట్టుకొచ్చినవి కాబోలు.

రెండో బడి కుప్పంలో. నేనెక్కిన బస్సు పలమనేరు దగ్గర ఆగిపోయి, బడికి చేరేసరికి పిల్లలు కాగితాలు రాసి ఇచ్చేసి ఆడుకుంటున్నారు. అక్కడి హెడ్‌మాస్టరు రామచంద్రగారు చాలా మంచి మనిషి, చాలా జాగ్రత్త మనిషి. ఫారం ఎలా పూర్తిచేయాలో చూపడానికి నారాయణస్వామిగారి ఆఫీసు ఒక నమూనా పంపింది. అందులో వయసు పద్నాలుగు, తండ్రి వ్యవసాయం, రోజుకు రెండు బీడీలు అని ఏదో తోచింది నింపి పెట్టారు. పిల్లలకు అర్థం కావాలని రామచంద్రగారు దాన్ని నల్లబల్ల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. బల్ల మీదున్నది చుక్క పోకుండా ఎక్కించుకోవాలని ఆ పిల్లలకు ఆరో తరగతి నుంచి నేర్పిందీ ఆయనే. ఎక్కించుకున్నారు.

అంటే కుప్పం బడిలో ఆడపిల్లలతో సహా ప్రతి ఒక్కరికీ పద్నాలుగేళ్లు. అందరూ రోజుకు రెండు బీడీలు తాగుతారు. రైల్వే వాళ్ల పిల్లలూ, పట్టుగూళ్ల వ్యాపారుల పిల్లలూ అందరి తండ్రులూ వ్యవసాయమే.

"ఒక్క తప్పు లేకుండా రాసినారు సూడమ్మా" అని రామచంద్రగారు నాకు గర్వంగా కట్ట అందించారు. ఆయన మొహం చూసి నాకు కోపం కూడా రాలేదు.

మూడోది పుంగనూరు. అక్కడి హెడ్‌మాస్టరు సదుంలో బంధువుల పెళ్లికి పోయి, సర్వేను డ్రిల్లు మాస్టరు వెంకటస్వామికి వదిలేశారు. పిల్లలు ఆయన్ను పి.టి. సారు అంటారు. నల్లటి, బండలాంటి మనిషి. మెడలో విజిలు, చెవిమీద బీడీ. ఆయన మామూలుగా మాట్లాడితే వీధి చివర కుక్కలు లేచేవి.

"ఒరేయ్! ఉండేది ఉండేట్టు రాయండి. పేర్లు లేవు. మీ కోడి గెలుకుడు రాతలు సదివే ఓపిక నాకు లేదు. ఈ మేడమ్‌కు జీతమిచ్చి సదివిస్తాండారు, పాపం" అని అరిచి, కాగితాలు పంచి, వరండా చివరకు పోయి బీడీ ముట్టించుకున్నాడు. పిల్లలు తలలు వంచి చాలాసేపు రాశారు. మూడు ఊళ్లలో నిజం రాసిన బడి అదొక్కటే.

సాయంత్రం బస్సుకు టైముందని గ్రౌండ్‌లో కూర్చున్నాను. వెంకటస్వామి పిల్లలకు వాలీబాల్ ఆడిస్తున్నాడు. ఆడించడమంటే తిట్టడమే. "గాడిదా, చేతులా అవి, ములక్కాడలా? ఎగురు!" అని ఒక పొడుగాటి పిల్లవాడి వెంట పడ్డాడు. వాడి పేరు చిన్నస్వామి, ఎనిమిదో తరగతి. తిట్లు తిన్నకొద్దీ వాడి మొహం వెలిగిపోవడం చూసి నాకు వింతగా తోచింది.

"పాపం, వాడినొక్కడినే తిడుతున్నారే?" అన్నాను.

"వాడి నాయన సాయంత్రమైతే సీసా ఇచ్చి సారా అంగడికి పంపిస్తాడమ్మా. తెచ్చేటప్పుడు దారిలో మూతకింత తాగేది మరిగినాడు వీడు. ఈడ నెట్టు కాడ పట్టి పెట్టుకుంటే ఆ తట్టు పోడు. నాయనే పోయి తెచ్చుకుంటాడు. ఇంకో రెండేండ్లు ఇట్లనే తోసేస్తే పది పాసయి యాడన్నా పనిలో పడతాడు. ఈ రెండేండ్లు దాటల్ల, అంతే."

చీకటి పడ్డాక పిల్లల్ని తోలుకుని తన ఇంటికి నడిచాడు, నన్నూ రమ్మన్నాడు. ఆయన భార్య రామక్క పెద్ద గిన్నె నిండా సంగటి కెలికి పెట్టింది. చెనక్కాయల చట్నీ పోసి, "ఈయప్ప గొంతు వింటేనే, ఇంటికి వచ్చే లోపలే అర్థమైపోతాది, ఈ పొద్దు ఎంతమందో" అంది. చిన్నస్వామి రెండు ముద్దలు తిని మూడోదానికి చెయ్యి చాపాడు. "నీ కడుపేమన్నా నీళ్ల బాయా?" అని అరుస్తూనే వెంకటస్వామి తన ముద్దలో సగం విరిచి వాడి కంచంలో వేశాడు. నేను చదివిన పుస్తకాల్లో నివారణ గురించి రాసిన అధ్యాయాలన్నీ ఆ గిన్నె ముందు వెలవెలబోయాయి. ఇంత తేలికా ఇది అనిపించి, రాత్రి చివరి బస్సులో కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది.

మదనపల్లెకు వచ్చి లెక్కలు కట్టాను. పుంగనూరు కాగితాల్లో పద్నాలుగో ప్రశ్నకు ఎవరో ఒకరి పేరు రాసిన పిల్లల్లో బీడీ, సారా బాగా తక్కువ. ఆ చోటు ఖాళీగా వదిలేసిన పిల్లల్లో ఎక్కువ. రాసిన పేర్లలో సగానికి పైగా ఒకటే: పి.టి. సారు. ఒక కాగితంలో, "కొడతాడు, అయినా ఆయనకే చెప్తా" అని ఉంది. కష్టపడి చేసిన లెక్క చేతిలో పెట్టుకుని నేను పరుగున నారాయణస్వామిగారి గదికి పోయాను.

ఆయన అప్పటికే తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగి ఉన్నారు.

"ఎవరీ వెంకటస్వామి? పొగ తాగే పెద్దవాళ్లెవరంటే పుంగనూరు బడంతా ఈయన పేరే రాసింది!"

"పద్నాలుగో ప్రశ్నకు కూడా ఆయన పేరే రాశారు సార్. చూడండి."

ఆయన చూశారు. చూసిన కొద్దీ మొహం గంభీరమైంది. "అదేనండీ ప్రమాదం. పిల్లలు ఇంతగా నమ్మే మనిషి బీడీ తాగుతున్నాడంటే, ఎంతమంది చెడిపోతారో ఊహించండి."

"ఊహించడం దేనికి సార్, లెక్క ఉంది కదా! ఆయన పేరు రాసినవాళ్లే తక్కువ చెడ్డారు."

"ఇప్పటికి. ముందు ముందు సంగతి?"

ముందు ముందు జరగబోయే దానికి నా దగ్గర లెక్కల్లేవు. ఆయన దగ్గరా లేవు గానీ ఆయనకు డాక్టరేటు ఉంది.

"పోనీ కుప్పం చూడండి. ఒక బడి మొత్తం రోజుకు సరిగ్గా రెండు బీడీలే ఎలా తాగుతుంది? వాళ్లు నల్లబల్ల చూసి ఎక్కించారు సార్."

"అది మీ అభిప్రాయం. ఇంత ఏకరూపంగా ఉన్న డేటా నేను నా సర్వీసులోనే చూడలేదు" అన్నారాయన మురిపెంగా.

ఏడాది తిరిగేసరికి రిపోర్టు చక్కటి అట్టతో వచ్చింది. దాన్నిబట్టి ప్రణాళికా వచ్చింది. ఏ దురలవాటూ లేని మదనపల్లె బడికి ప్రశంసాపత్రం, ఒక ఇనుప బీరువా ఇచ్చారు. ఆ బీరువా పక్కన సిద్దప్పగారు నిలబడి తీయించుకున్న ఫోటో ఆఫీసు గదిలో వేలాడదీశారు. ప్రమాదపుటంచున ఉన్న కుప్పం బడికి పొగతాగడం వల్ల వచ్చే అనర్థాల మీద స్లైడులు చూపించారు. ఊపిరితిత్తుల బొమ్మలు చూసి పిల్లలు జడుసుకున్నారు. ఒక ఆడపిల్ల మాత్రం లేచి, "బీడీ వాసన ఎట్లుంటాది సార్?" అని అడిగిందట. రోజుకు రెండు తాగే పిల్ల అలా అడిగిందేమిటని వచ్చిన నిపుణులెవరికీ తోచలేదు. తన బడి గురించి రిపోర్టులో చదివిన రామచంద్రగారు నెల రోజులు ఎవరి మొహమూ చూడలేకపోయారు.

పుంగనూరుకు మూడో రకం చికిత్స. గ్రౌండ్‌లో, సరిగ్గా నెట్టు కట్టే చోట, రెండు నిలువుల ఎత్తు సిమెంటు బోర్డు కట్టి, "దురలవాట్లకు దూరంగా ఉండండి" అని ఎర్రరంగుతో రాయించారు. వెంకటస్వామిని కుప్పం బదిలీ చేయించారు. అక్కడికే ఎందుకని అడిగితే నారాయణస్వామిగారు ఓపిగ్గా చెప్పారు. "అక్కడ ఎలాగూ అందరూ తాగుతున్నారు కదండీ. ఆయన వల్ల కొత్తగా చెడేవాళ్లు ఉండరు."

ఆ రోజు ఆయన గదిలో నేను అరిచిన అరుపులకు కింది అంతస్తులో టైపు మిషన్లు ఆగిపోయాయి. పిల్లలు నోరు తెరిచి నిజం చెబితే, ఆ నిజంతోనే వాళ్ల నోట్లో మన్ను కొడుతున్నారని అన్నాను. ఇంకా చాలా అన్నాను. జిల్లా విద్యాశాఖకు రెండుసార్లు రాశాను. నా కోపం గురించి కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు వెళ్లింది. కోపిష్టి మనుషుల మాట ఎంత నిజమైనా ఎవరూ పట్టించుకోరని అప్పుడు తెలిసింది.

వెంకటస్వామి వెళ్లే రోజు పుంగనూరు బస్టాండుకు పోయాను. సామానంతా రెండు ట్రంకుపెట్టెలు, సంగటి గిన్నె. రామక్క గిన్నెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"కుప్పంలో పిల్లోళ్లందరూ దినానికి రెండు బీడీలు కాలుస్తారంట గదమ్మా. అగ్గిపెట్టెకు తిప్పలు లేదు" అని నవ్వాడు. తర్వాత ఎందుకో గొంతు తగ్గించాడు. ఆ గొంతు తగ్గడం నేను వినడం అదే మొదటిసారి. "చిన్నసామిని ఒక కంట సూసుకోమని హెడ్‌మాస్టరుకు చెప్పినా. తల ఊపినాడు. ఇంగ ఒక్క ఏడాదే గదమ్మా దాటాల్సింది?"

బస్సు కదిలేదాకా పొడుగాటి పిల్లవాడు స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. సారు కిటికీలోంచి, "ఏమిరా ఈడ నీకు పని? పో, బడికి పో!" అని అరిచాడు. వాడు కదల్లేదు.

1984లో నివారణ ఫలించిందో లేదో కొలవడానికి మళ్లీ సర్వే పెట్టారు. ఫారాలు నారాయణస్వామిగారే స్వయంగా తీర్చి అచ్చు వేయించారు. కట్టలు నేరుగా బడులకు వెళ్లాయి. పుంగనూరు బాధ్యత నేను పట్టుబట్టి తీసుకున్నాను.

గ్రౌండ్‌లో నెట్టు లేదు. బంతులు హెడ్‌మాస్టరు గదిలో తాళం వేసి భద్రంగా ఉన్నాయి, ఆడించే మనిషి పోస్టు ఖాళీ. సిమెంటు బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు. దాని వెనక చల్లటి నీడ పడుతుంది, రోడ్డు మీద పోయేవాళ్లకు ఏమీ కనపడదు. పిల్లలకు అలాంటి చోటు ఇంతకుముందు ఆ ఊళ్లో ఉండేది కాదు. నేను వెనక్కి వెళ్లి చూస్తే నలుగురు బీడీలు పారేసి పరిగెత్తారు. ఒకడు మాత్రం పరిగెత్తలేదు. చిన్నస్వామి. ఇంకా పొడుగెదిగాడు, కళ్లకింద నలుపు దిగింది. పట్టపగలే సారా వాసన కొడుతున్నాడు. పదో తరగతి అట, బడికి వచ్చేది ఎప్పుడైనా ఒకసారట.

"సిగ్గులేదురా నీకు?" అని వాడి రెక్క పట్టుకుని లాక్కెళ్లి క్లాసులో కూర్చోబెట్టాను. కట్ట విప్పి అందరికీ పంచాను. వాడు అందరికంటే ముందే రాసేశాడు. కాగితాన్ని తిప్పి వెనక చూశాడు, మళ్లీ ముందుకు తిప్పాడు. లేచి నా దగ్గరికొచ్చాడు.

"మేడమ్, ఇది సరిగా అచ్చు కాలేదు. పోయినసారి అడుగున ఇంకోటుండె."

నేను కాగితం తీసుకుని చూశాను. పదమూడు ప్రశ్నలే ఉన్నాయి. పోయినసారి పనికిరాలేదని పద్నాలుగోదాన్ని నారాయణస్వామిగారు తీసేశారు. వాడి కాగితంలో తొమ్మిదో ప్రశ్న దగ్గర ఎవరి పేరూ లేదు. మిగతా కాగితాల్లోనూ అక్కడ పి.టి. సారు పేరు ఉండదు. పుంగనూరులో పొగ తాగే పెద్దలు మాయమయ్యారని, నివారణ ఫలించిందని రిపోర్టులో వస్తుంది. ఆ వాక్యం నాకు అప్పుడే కనిపించింది.

"తీసేశారు" అన్నాను.

"యాల? నేను దానికి బాగా రాసింటి. కొడతాడని కూడా రాసింటి."

ఆ కాగితం వీడిదేనన్నమాట.

"అది ఎవురూ సదవలేదా మేడమ్?"

"నేను చదివాను రా."

"సదివి ఏం జేసినారు?"

వాడు ఎగతాళికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నా నోటికి ఏ అబద్ధమూ అందలేదు.

"అరిచాను. పెద్దవాళ్ల మీద గట్టిగా అరిచాను" అన్నాను.

చిన్నస్వామి కిటికీలోంచి బోర్డు వైపు చూశాడు.

"పి.టి. సారు గూడా అరుస్తాండె మేడమ్" అన్నాడు. "అరిసినాక అన్నం పెడతాండె."